మూడు ఫేజుల వోల్టేజ్ లాగ్‌లో డిప్‌లు పట్టుకోవడం: హద్దు కిందికి పడిన ముక్కలు ఎలా తీయాలి?

మిల్లు_మీటర్

రైస్ మిల్లు ఎల్‌టీ (లో టెన్షన్) ప్యానెల్ దగ్గర పెట్టిన లాగర్ డేటా ఇది. మూడు ఫేజులూ న్యూట్రల్‌కి కొలిచినవే. సెకనుకు 10,000 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్ల పూర్ణాంకం, గంటకో ఫైలు, ఫైలు సైజు 216 ఎంబీ. నామినల్ 230 వోల్టులు. 90 శాతం, అంటే 207 కంటే కిందికి పడి కనీసం 20 మిల్లీసెకన్లు ఉన్న ప్రతిసారీ (దాన్నే డిప్ అంటున్నా) మొదలు, ముగింపు, ఎంత లోతుకు పడిందీ కావాలి. పైథాన్‌లో నమ్‌పై, పాండాస్ లైబ్రరీలు వాడుతున్నాం.

వేవ్‌ఫారమ్ మీదే, గుర్తు వదిలేసి, పీక్‌లో 90 శాతం హద్దు (293 వోల్టులు) పెట్టి పోలిస్తే సెకనుకు వంద ముక్కలు వస్తున్నాయి. ఒక్కో శాంపిల్ చూసే ఫర్ లూప్ అయితే కదలట్లేదు. దీనికి సరైన పద్ధతి ఏంటి?

---

అర్ధావృత్తం

వంద ముక్కలు రావాల్సిందేనండీ. 50 హెర్ట్జ్ సైన్ వేవ్ సెకనుకు వందసార్లు సున్నా దాటుతుంది, దాటిన ప్రతిసారీ మీ హద్దు కిందికి వస్తుంది. లైన్ ఏ లోపమూ లేకుండా ఉన్నా కాలంలో 71 శాతం పీక్‌లో 90 శాతం కిందే ఉంటుంది. షరతు పెట్టాల్సింది వేవ్‌ఫారమ్ మీద కాదు, ఆర్‌ఎంఎస్ (వర్గాల సగటుకి వర్గమూలం) మీద.

ఏ ఆర్‌ఎంఎస్ అన్నది కూడా తేల్చుకోవాలి. విద్యుత్ నాణ్యత కొలతల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61000-4-30 చెప్పేది ఇదీ: ఒక పూర్తి సైకిల్ మీద ఆర్‌ఎంఎస్, ప్రతి అర సైకిల్‌కీ ఒకటి. అంటే 20 మిల్లీసెకన్ల కిటికీ, 10 మిల్లీసెకన్ల అడుగు. మీ లెక్కలో 200 శాంపిళ్ల కిటికీ 100 చొప్పున జరుగుతుంది. గంటకు ఫేజుకు 3,60,000 విలువలు మాత్రమే మిగులుతాయి, ఆ తర్వాత ఏం చేసినా క్షణాల్లో అయిపోతుంది.

దీనికి కదిలే కిటికీ ఫంక్షన్ అక్కర్లేదు. శాంపిళ్లను వంద నిలువు వరుసల పట్టికగా రీషేప్ చేయండి. ప్రతి అడ్డవరుసలో వర్గాల మొత్తం తీయండి. పక్కపక్క మొత్తాలు రెండు కలిపి 200తో భాగించి వర్గమూలం తీస్తే సరి.

ఇక్కడ పట్టేసే గోతి ఒకటుంది. 16 బిట్ల పూర్ణాంకాన్ని వర్గం చేస్తే నమ్‌పైలో ఫలితం కూడా 16 బిట్లలోనే ఉంటుంది. 181 వర్గం 32,761, పడుతుంది. 182 నుంచి పట్టదు, ఎర్రర్ రాకుండా గుర్తు తిరగబడిన చెత్త వస్తుంది. వర్గం చేయకముందే 64 బిట్ల ఫ్లోట్‌కి మార్చండి. మెమరీ చాలకపోతే నిమిషం నిమిషం చొప్పున మార్చుకోండి.

---

సున్నా_ఒకటి

ఆర్‌ఎంఎస్ వచ్చాక ముక్కలు తీయడానికి లూప్ అవసరం లేదు.

మాస్క్ తీసుకోండి: విలువ 207 కంటే తక్కువైన చోట 1, లేకపోతే 0. మాస్క్‌కి ముందొక సున్నా, వెనకొక సున్నా అతికించండి. దాని మీద డిఫ్ (పక్కపక్క విలువల తేడా) తీయండి. +1 ఉన్న చోట ముక్క మొదలు, −1 ఉన్న చోట ముగింపు. ముగింపు సూచిక ముక్కలో చేరదు, కాబట్టి ముగింపులోంచి మొదలు తీసేస్తే నేరుగా పొడవు వస్తుంది, ఒకటి కలపాలా తీసేయాలా అన్న గొడవ ఉండదు. మ్యాట్‌ల్యాబ్‌లోనూ ఇదే పని చేస్తుంది గానీ అక్కడ లెక్క 1 నుంచి, కోత రెండు చివరలనూ కలుపుకుంటుంది, అందుకే ముగింపులోంచి 1 తీసేయాలి.

సున్నాలు ఎందుకంటే, ఫైలు డిప్ మధ్యలో మొదలైతే +1 ఎక్కడా రాదు. మొదళ్లు నాలుగు, ముగింపులు ఐదు అయి జతలన్నీ ఒకటి పక్కకి జరుగుతాయి.

డిఫ్ తీసేముందు మాస్క్‌ని 8 బిట్ల సైన్డ్ పూర్ణాంకంగా మార్చడం మర్చిపోవద్దు. బూలియన్ మీద నమ్‌పై డిఫ్ తేడా తీయదు, "పక్కదాంతో వేరుగా ఉందా" అని మాత్రమే చెబుతుంది. మొదలు, ముగింపు రెండూ ఒకేలా కనిపిస్తాయి. అన్‌సైన్డ్ 8 బిట్లయితే 0 లోంచి 1 తీస్తే 255 వస్తుంది, −1 కోసం ఎంత వెతికినా దొరకదు.

పాండాస్‌లో చాలామంది చేసేది వేరు: మాస్క్‌ని ఒక గడి జరిపి పోల్చి, మార్పులకు క్యుములేటివ్ మొత్తం తీసి, ఆ సంఖ్య మీద గ్రూప్‌బై. ఫలితం సరైనదే. చదవడానికీ బాగుంటుంది. గ్రూపులు లక్షల్లో ఉంటే మాత్రం నత్తనడక.

---

నల్లరేగడి

మాస్క్ తీసేముందు ఐదు పాయింట్ల మూవింగ్ యావరేజ్ పెడితే హద్దు దగ్గర ఊగిసలాట పోతుంది కదా?

---

అర్ధావృత్తం

పోతుంది, దాంతోపాటు డిప్‌లూ పోతాయి. అర సైకిల్ పాటు వోల్టేజ్ సగానికి పడిందనుకోండి. ఆ అర సైకిల్ రెండు కిటికీల్లోకి వస్తుంది కాబట్టి వరుసగా రెండు ఆర్‌ఎంఎస్ విలువలు 181.8 అవుతాయి. చుట్టూ 230లు మూడు వేసి సగటు తీస్తే 210.7. హద్దు 207. డిప్ మాయం. సగటు తీయడం ఆర్‌ఎంఎస్ కిటికీలో ఒకసారి అయిపోయింది, రెండోసారి తీయకూడదు.

పైదాన్లోనే ఇంకో సంగతి ఉంది: అసలు పడింది 10 మిల్లీసెకన్లే, నమోదయ్యేది 20. ఈ పద్ధతిలో లోతైన డిప్‌ల వ్యవధి ఇలా కాస్త సాగి రావచ్చు. "కనీసం 20" అనే మీ షరతు నిజానికి రెండు పాయింట్లన్నమాట, కిటికీకి సరిగ్గా కుదిరిన అర సైకిల్ డిప్ కూడా దాన్ని దాటేస్తుంది. రిపోర్టులో వ్యవధి పక్కన కొలత పద్ధతి రాయకపోతే ఇంకో మీటరుతో పోల్చినప్పుడు వాదన తప్పదు.

ఊగిసలాటకి మందు హిస్టెరిసిస్. డిప్ మొదలవ్వడానికి ఒక హద్దు, ముగియడానికి అంతకంటే పై హద్దు. సాధారణంగా నామినల్‌లో 2 శాతం, అంటే 4.6 వోల్టులు. 207 కిందికి పడితే మొదలు, 211.6 గానీ అంతకు పైన గానీ చేరితేనే ముగింపు.

ఈ వరుస చూడండి, పాయింటుకి 10 మిల్లీసెకన్లు:

229, 214, 206, 208, 206.5, 209, 206.8, 210, 212, 228

ఒకే హద్దు పెడితే మూడు ముక్కలు, ఒక్కోటి 10 మిల్లీసెకన్లు. 20 లోపువి తీసేయమంటే మూడూ పోతాయి, రిపోర్టులో డిప్పే ఉండదు. హిస్టెరిసిస్‌తో 206 దగ్గర మొదలై 212 దగ్గర ముగిసిన ఒకే ముక్క వస్తుంది, ఆరు పాయింట్లు, 60 మిల్లీసెకన్లు.

---

మిల్లు_మీటర్

బాగా అర్థమైందండీ. కానీ హిస్టెరిసిస్ అంటే ముందు స్థితి గుర్తుండాలి కదా, మళ్లీ లూప్ రాయాల్సిందేనా? మూడు ఫేజులకీ విడివిడిగా చేసి చివర్లో "ఏదైనా ఒకటి" అని కలిపితే సరిపోతుందా?

---

సున్నా_ఒకటి

లూప్ వద్దు. మూడు రకాల గుర్తులు పెట్టండి:

స్థితి = అన్నీ ఖాళీ
స్థితి [విలువ < 207] = 1
స్థితి [విలువ ≥ 211.6] = 0
ఖాళీలను తమ ముందున్న గుర్తుతో నింపు
మొదట్లో మిగిలిన ఖాళీలు = 0

పాండాస్‌లో ఎఫ్‌ఫిల్ అంటే ఆ నింపడమే. రెండు హద్దుల మధ్య ఉన్న విలువకి సొంత అభిప్రాయం లేదు, ముందు ఏముంటే అదే. ఆ తర్వాత డిఫ్ పద్ధతి మామూలే.

---

అర్ధావృత్తం

ఫేజులు విడివిడిగా చేసి కలిపితే ఐఈసీ నిర్వచనం రాదు. దాదాపు వస్తుంది, అందుకే తేడా ఎవరికీ కనబడదు.

నిర్వచనం ప్రకారం ఏ ఒక్క ఫేజు 207 కిందికి పడినా డిప్ మొదలు. అన్ని ఫేజులూ 211.6కి చేరితేనే ముగింపు. ఆర్ ఫేజు 190కి పడింది, అదే సమయంలో వై ఫేజు 209కి వచ్చిందనుకోండి. ఆర్ కోలుకుని 225కి వెళ్లినా వై ఇంకా 209 దగ్గరే ఉంటే డిప్ ముగియలేదు. విడివిడి లెక్కలో వై అసలు డిప్‌లోకే రాలేదు కాబట్టి ఆర్ కోలుకోగానే ముగిసిపోతుంది.

దీనికి తేలికైన దారుంది. ప్రతి క్షణంలో మూడు ఫేజుల్లో కనిష్ఠం తీసి ఆ ఒక్క వరుస మీద హిస్టెరిసిస్ పెట్టండి. నిర్వచనం అచ్చంగా అదే. సరఫరా పూర్తిగా పోవడానికి, అంటే ఇంటరప్షన్‌కి, దీన్ని తిరగేయాలి: అన్ని ఫేజులూ హద్దు కిందికి వెళితే మొదలు, ఏ ఒక్కటి పైకొచ్చినా ముగింపు. కాబట్టి అక్కడ గరిష్ఠం. 5 శాతం హద్దు పెట్టుకుంటే 11.5 కింద మొదలు, 16.1 దగ్గర ముగింపు.

ఇంటరప్షన్ తీసేటప్పుడు ఏడీసీ (సిగ్నల్‌ని అంకెలుగా మార్చే చిప్) ఆఫ్‌సెట్, అంటే ప్రతి శాంపిల్‌లో కలిసిపోయే స్థిరమైన తేడా, చూసుకోండి. 5 వోల్టుల ఆఫ్‌సెట్ 230 మీద కలిస్తే 230.05, ఎవరికీ పట్టదు. లైన్ చచ్చినప్పుడు మాత్రం సున్నాకి బదులు 5 చూపిస్తుంది, దానికి నాయిస్ తోడైతే 11.5 ఎంతో దూరం ఉండదు. గంట మొత్తం సగటు తీసి శాంపిళ్లలోంచి తీసేయండి. సైకిల్ సైకిల్‌కీ సగటు తీయకండి, డిప్ మొదలైన సైకిల్ సౌష్ఠవంగా ఉండదు, అందులో నిజమైన సిగ్నల్ కొట్టుకుపోతుంది.

---

ఖాళీగడి

డేటా పోయిన చోట ఏం చేయాలో ఇంకా ఎవరూ అనలేదు. లాగర్ కార్డు నిండితే, కేబుల్ వదులైతే వరుసలో నాన్‌లు (విలువ లేదని చెప్పే గుర్తులు) వస్తాయి. నాన్‌ని దేంతో పోల్చినా జవాబు "కాదు". 207 కంటే తక్కువా? కాదు. 211.6 కంటే ఎక్కువా? కాదు.

పైన చెప్పిన మూడు గుర్తుల పద్ధతిలో నాన్‌కి గుర్తు పడదు. ఖాళీగా ఉండి ముందు గుర్తుతో నిండిపోతుంది. డిప్ మధ్యలో డేటా ఆగి నలభై నిమిషాల తర్వాత మొదలైతే మీ రిపోర్టులో నలభై నిమిషాల డిప్ ఉంటుంది. ఒకే హద్దు మాస్క్‌లో జరిగేది దీనికి పూర్తిగా ఎదురు: నాన్ అంటే 0, డిప్ అక్కడికక్కడ ముగిసినట్టు లెక్క. రెండూ అబద్ధమే.

చేయాల్సింది: నాన్ తగిలిన చోట వరుసని కోసేయండి. ప్రతి ముక్కకీ రెండు జెండాలు, "మొదలు తెలుసు", "ముగింపు తెలుసు". కోత దగ్గర ఆగిన ముక్కకి ముగింపు తెలియదు. దాన్ని పట్టికలో ఉంచండి, సగటు వ్యవధి లెక్కలో మాత్రం కలపకండి.

కనిష్ఠం తీసే దగ్గరా ఇదే తిరకాసు. నమ్‌పై మిన్ ఒక్క ఫేజులో నాన్ ఉన్నా నాన్ ఇస్తుంది, నాన్‌మిన్ దాన్ని వదిలేసి మిగతా రెండిట్లోంచి తీస్తుంది. ఒక ఫేజు సెన్సర్ వైరు ఊడిన రోజున నాన్‌మిన్ వాడితే ఆ ఫేజులో డిప్‌లు లేనట్టే. ఏది వాడారో రాసిపెట్టుకోండి.

ఇంకా ప్రమాదకరమైంది, డేటా పోయినా నాన్ రాకుండా అడ్డవరుసే లేకపోవడం. అప్పుడు సూచికలు నమ్మకూడదు, టైమ్‌స్టాంపుల తేడా చూడాలి. మామూలు అడుగుకి ఒకటిన్నర రెట్లు దాటితే కోత. తేడా రుణాత్మకంగా వస్తే లాగర్ గడియారాన్ని వెనక్కి దిద్దారని అర్థం, అక్కడా కోతే.

టైమ్‌స్టాంపుని 32 బిట్ల ఫ్లోట్‌లో దాచారేమో కూడా చూడండి. 1970 నుంచి సెకన్లు ఇప్పుడు 170 కోట్లు దాటాయి. ఆ పరిమాణంలో 32 బిట్ల ఫ్లోట్ పక్కపక్క విలువల మధ్య దూరం 128 సెకన్లు. మిల్లీసెకన్లు సంగతి సరే, నిమిషాలే మిగలవు.

---

నల్లరేగడి

మిల్లులో జనరేటర్ మీద నడిచే గంటలుంటాయి కదా. అప్పుడు 50 హెర్ట్జ్ ఉండదు. 200 శాంపిళ్ల కిటికీ సైకిల్‌కి సరిపోదు.

---

అర్ధావృత్తం

మంచి పాయింటు. గ్రిడ్ మీద భయం లేదు. 49.9 హెర్ట్జ్ దగ్గర స్థిర కిటికీతో ఆర్‌ఎంఎస్ అటూ ఇటూ 0.1 శాతం, అంటే పావు వోల్టు లోపే ఊగుతుంది. హిస్టెరిసిస్ 4.6 ఉంది కాబట్టి అది లెక్కలోకి రాదు.

డీజిల్ జనరేటర్ లోడ్ పడి 48కి జారితే ఊపు అటూ ఇటూ 2 శాతం అవుతుంది. 4.7 వోల్టులు పైకి, 4.7 కిందికి. హిస్టెరిసిస్ పట్టీ కంటే ఊపు వెడల్పే ఎక్కువ. వోల్టేజ్ 209 చుట్టూ ఉంటే నిజంగా ఏమీ జరగకపోయినా సెకనుకు నాలుగు డిప్‌లు నమోదవుతాయి. నాలుగే ఎందుకంటే, ఆ ఊపు 96 హెర్ట్జ్‌ది, మనం సెకనుకు వంద విలువలే తీస్తున్నాం, తేడా 4.

అందుకే కచ్చితమైన పద్ధతిలో కిటికీ సున్నా దాటే చోటి నుంచి సున్నా దాటే చోటికి ఉంటుంది. శాంపిళ్ల మధ్యలో దాటిన చోటు సరళ రేఖ అనుకుని తీయొచ్చు: గుర్తు మారిన రెండు శాంపిళ్లలో మొదటిదాన్ని వాటి తేడాతో భాగిస్తే శాంపిల్‌లో ఎన్నో వంతు దగ్గర దాటిందో వస్తుంది. లోతైన డిప్‌లో సున్నా దాటడమే నమ్మకంగా దొరకదు, అప్పుడు అంతకుముందున్న సైకిల్ పొడవునే కొనసాగించాలి. గ్రిడ్ గంటలకి స్థిర కిటికీ, జనరేటర్ గంటలకి ఈ పద్ధతి. అన్నిటికీ ఇదే పెట్టడం ఈ పనికి అనవసరం.

---

గెయిన్_బాబు

పక్కపక్క డిప్‌లు కలపడం గురించి నా మాట. ఫీడర్ బ్రేకర్ ఆటో రీక్లోజ్ అయినప్పుడు (ట్రిప్పయి దానంతటదే మళ్లీ కలిసినప్పుడు) పడుతుంది, లేస్తుంది, మళ్లీ పడుతుంది. మధ్యలో వోల్టేజ్ నిజంగానే 228కి వచ్చింది కాబట్టి హిస్టెరిసిస్ దీన్ని కలపదు, కలపకూడదు కూడా. దీనికి వేరే నియమం కావాలి: ఒక ముక్క ముగింపుకీ తర్వాతి ముక్క మొదలుకీ మధ్య ఖాళీ ఇంతకంటే తక్కువైతే ఒకే సంఘటన. సమస్య ఎన్నిసార్లు వచ్చిందో కావాలంటే ఒక నిమిషం పెట్టండి. మోటార్లకి ఎన్ని దెబ్బలు తగిలాయో కావాలంటే అసలు కలపకండి.

కలపడం ముందు, చిన్నవి తీసేయడం తర్వాత. వరుస మారిస్తే పది మిల్లీసెకన్ల ముక్కల గుంపు ముందే తుడిచిపెట్టుకుపోతుంది.

సైపై ఇమేజ్ టూల్స్‌లో బైనరీ క్లోజింగ్‌తో ఖాళీలు పూడ్చమనే సలహా నెట్‌లో కనిపిస్తుంది. పని చేస్తుంది గానీ వరుస చివరల దగ్గర మాస్క్‌ని కొరికేస్తుంది, బయట సున్నాలున్నట్టు అనుకుంటుంది కనుక. మొదళ్లు, ముగింపుల జాబితా చేతిలో ఉన్నాక ఖాళీలని అక్కడే తీసేయడం రెండు వరుసల పని: మొదళ్లలో రెండోదాని నుంచి, ముగింపుల్లో చివరిదాని ముందు వరకు తేడా తీసి, చాలినంత ఉన్నవాటినే ఉంచితే అయిపోయింది. ఆ రెండు ముక్కల మధ్య డేటా కోత ఉంటే మాత్రం కలపొద్దు.

---

కృష్ణా_కాలువ

ఆర్‌ఎంఎస్ పట్టికని పోస్ట్‌గ్రెస్‌లో పెట్టుకునేవాళ్లకి: ముక్కలు తీయడం ల్యాగ్‌తో ముందు వరుస చూసి, మారిన చోట 1 వేసి, వాటి రన్నింగ్ మొత్తాన్ని గ్రూపు సంఖ్యగా వాడటమే. హిస్టెరిసిస్‌కి గుర్తులు 1, 0, నల్. నల్‌లని ముందు గుర్తుతో నింపడానికి ఆ గుర్తుల నిలువు వరుస మీద రన్నింగ్ కౌంట్ తీయండి. కౌంట్ నల్‌లని లెక్కపెట్టదు కాబట్టి ప్రతి గుర్తూ తన వెనకున్న నల్‌లూ ఒకే సంఖ్య కిందికి వస్తాయి. ఆ గుంపులో మ్యాక్స్ తీస్తే నింపిన విలువ. డేటా లేని వరుసలకి మాత్రం ముందే వేరే నిలువు వరుసలో గుర్తు పెట్టాలి, ఖాళీగడి గారు చెప్పిన చిక్కు ఇక్కడా ఉంది.

---

మిల్లు_మీటర్

రెండే మిగిలాయండీ. ప్రతి ముక్కలో కనిష్ఠ వోల్టేజ్ లూప్ లేకుండా ఎలా? గంట ఫైళ్ల సరిహద్దు మీద పడిన డిప్ సంగతి?

---

సున్నా_ఒకటి

కనిష్ఠానికి నమ్‌పైలో మినిమమ్ రెడ్యూస్‌యాట్, ఇచ్చిన సూచికల మధ్య ముక్కలకి విడివిడిగా కనిష్ఠం తీసేది. మొదలు, ముగింపు, మొదలు, ముగింపు అని సూచికలు అల్లి ఇవ్వండి, ఫలితంలో ఒకటి విడిచి ఒకటి తీసుకోండి. విడిచినవి డిప్‌ల మధ్య ఖాళీలవి. చివరి డిప్ వరుస చివరిదాకా ఉంటే ముగింపు సూచిక వరుస పొడవుతో సమానమై ఎర్రర్ వస్తుంది, కాబట్టి ముందే వరుస చివర ఒక ఉత్తుత్తి విలువ అతికించండి.

సరిహద్దుకి: ఒక ఫైలు నుంచి తర్వాతి దానికి రెండు విషయాలు మోసుకెళ్లాలి. చివరి అర సైకిల్ వర్గాల మొత్తం (లేకపోతే ప్రతి గంటకీ ఒక ఆర్‌ఎంఎస్ విలువ పోతుంది), హిస్టెరిసిస్ చివరి స్థితి. ముక్కల సూచికలు ఫైలు లోపలివి కాకుండా మొత్తం మీద లెక్కపెట్టినవైతే కలపడం సుళువు: ఒకదాని ముగింపు, ఇంకోదాని మొదలు ఒకే సంఖ్య అయితే అవి ఒకే డిప్.

---

అర్ధావృత్తం

హద్దు గురించి ఒక్క మాట. 207 అనేది 230కి. 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ల సెకండరీ లోడ్ లేనప్పుడు 433, అంటే ఫేజుకి 250. రాత్రిపూట 245 దగ్గర ఉండే చోట 207కి పడటమంటే 15 శాతం పైనే పడ్డట్టు. ఎల్‌టీలో ప్రకటించిన నామినల్‌నే వాడండి, కదిలే రిఫరెన్స్ (ఇటీవలి వోల్టేజ్‌ని బట్టి మారేది) హెచ్‌టీ (హై టెన్షన్) వైపు కొలతలకి వదిలేయండి.

అసలు ప్రశ్న "కాంటాక్టర్లు (మోటార్లని కలిపి విడదీసే స్విచ్‌లు) ఎందుకు వదిలేస్తున్నాయి" అయితే 90 శాతం హద్దే తప్పు. ఏసీ కాంటాక్టర్ కాయిల్ రేటెడ్ వోల్టేజ్‌లో 75 నుంచి 20 శాతం మధ్య ఎక్కడో ఒకచోట వదలాలి. 230 కాయిల్‌కి 172.5 నుంచి వెతకడం మొదలుపెట్టండి, అదీ మూడు ఫేజుల కనిష్ఠం మీద కాదు, కాయిల్ ఏ ఫేజు మీద ఉందో ఆ ఒక్కదాని మీద.

---

ఖాళీగడి

అసలు ఫైళ్ల మీద నడిపేముందు తయారు చేసిన సిగ్నల్ మీద పరీక్షించండి. 230 వోల్టుల శుద్ధ సైన్ వేవ్‌లో కిటికీ అంచుకి సరిగ్గా కుదిరేలా ఒక అర సైకిల్‌ని సగానికి తగ్గించండి. రావాల్సింది ఒకే డిప్, 20 మిల్లీసెకన్లు, 181.8 వోల్టులు. అదే డిప్‌ని ఫైలు సరిహద్దు మీదికి జరపండి, జవాబు మారకూడదు. తర్వాత అంచు నుంచి 50 శాంపిళ్లు పక్కకి జరపండి, ఇప్పుడు వరుసగా 207.3, 181.8, 207.3 వస్తాయి, హిస్టెరిసిస్‌తో రెండు పాయింట్లు, 20 మిల్లీసెకన్లు రావాలి. అసలు డిప్ లేని ఫైలు, మొదటి నుంచి చివరి దాకా డిప్‌లోనే ఉన్న ఫైలు, డిప్ మధ్యలో నాన్‌లున్న ఫైలు కూడా ఉండాలి. ఖాళీ జాబితా మీద రెడ్యూస్‌యాట్ దగ్గర కోడ్ పడిపోతుందేమో తెలిసేది డిప్ లేని ఫైలుతోనే.